ఈనిన ఆవుకు జఠరాగ్ని సంరక్షణ

బాలింతకు శొంఠి, వాము పెట్టడం మన గృహిణులకు కొత్త కాదు. ప్రసవానంతరం మందగించిన జఠరాగ్నిని మేల్కొల్పడమే అందులోని పరమార్థం. పెరటిలో ఈనిన ఆవుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అయితే మనిషి కడుపు వేరు, నెమరువేసే పశువు కడుపు వేరు. ఈ భేదాన్ని మరచి చేసే వైద్యం మేలుకు బదులు కీడు చేస్తుంది.

ఆవు ఉదరంలో నాలుగు గదులుంటాయి. మొదటిదైన పెద్దపొట్టలో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి జీర్ణం చేస్తాయి. ఆవుకు అగ్ని అంటే చాలావరకు ఇదే. ఈనిన కొత్తలో అది మేత తక్కువగా తింటుంది; పాలు మాత్రం నానాటికీ పెరుగుతాయి. బలం రావాలనే ఆరాటంతో వండిన అన్నం, జొన్నలు, బెల్లం, దాణా ఒక్కసారిగా పెడితే పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణాపాయం కలుగవచ్చు. అందుచేత ముందు ఆకలి, తరువాతనే దాణా అని నేను చెబుతుంటాను.

దీపన చూర్ణం

శొంఠి 15 గ్రాములు, వాము 30, జీలకర్ర 30, మెంతులు 50 గ్రాములు దంచి, 100 గ్రాముల బెల్లంతో ముద్ద చేయాలి. ఇది పెద్ద ఆవుకు ఒక దినపు మోతాదు. రెండు భాగాలు చేసి ఉదయం, సాయంత్రం అయిదు రోజులు తినిపించాలి. కషాయంగా కాచి గొట్టంతో పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదముంది.

మొదటి రోజులలో మంచి ఎండుగడ్డి, లేత పచ్చిమేత, సమృద్ధిగా గోరువెచ్చని నీరు ముఖ్యం. దాణాను రోజుకు అరకిలోకు మించకుండా క్రమంగా పెంచాలి.

అగ్ని పరీక్ష

ఆవు ఎడమ డొక్కలో, పక్కటెముకల వెనుకనున్న పల్లంలో పిడికిలి ఆనించి ఉంచండి. రెండు నిమిషాలలో రెండు మూడు సార్లు పొట్ట కదలి పిడికిలిని నెట్టాలి. కదలిక లేకపోయినా, నెమరు ఆగినా, పేడ పుల్లని వాసనతో నీళ్లగా పడినా దాణా నిలిపి పశువైద్యుని పిలవాలి.

ముద్దతో తీరని వ్యాధులు

ఈనిన రెండు మూడు రోజులలో ఆవు చెవులు చల్లబడి, మెడ డొక్కవైపు తిప్పి పడుకొని లేవకపోతే అది పాలజ్వరం. పేరుకే జ్వరం, ఒళ్లు వెచ్చబడదు. రక్తంలో కాల్షియం పడిపోవడమే దానికి కారణం. ఎక్కువ పాలిచ్చే ఆవులలో, మూడవ ఈత నుండి ఇది అధికం. మూలికలు ఆ లోటును తీర్చలేవు. పశువైద్యుడు రక్తనాళంలోకి కాల్షియం ఎక్కిస్తే చాలా ఆవులు కొద్ది గంటలలోనే లేచి నిలబడతాయి. శొంఠి ముద్దలతో కాలయాపన చేస్తే ఆవు దక్కదు.

కొన్ని వారాల తరువాత దాణా వదలి ఎండుగడ్డి మాత్రమే తింటూ, చిక్కిపోతూ, శ్వాసలో పండిన పండు వాసన వస్తే అది శక్తి లోపం వల్ల కలిగే కీటోసిస్ కావచ్చు. మాయ 12 గంటలు దాటినా పడకపోతే లాగరాదు, బరువు కట్టరాదు. ఈ రెండింటికీ పశువైద్యుడే దిక్కు.

ఆవు ఈనే దినం సమీపించగానే చూర్ణం దంచి సిద్ధం చేసుకోండి. పశువైద్యుని ఫోన్ నంబరును కూడా పాక గోడపై రాసి ఉంచండి.