పాత బుల్లెట్‌కు ఏ సైజు పిస్టన్ వేయాలి?

సెలవుల్లో మా మావయ్య బుల్లెట్ ఇంజను విప్పించాడు. మా కొండ ఊరి నుంచి ఆస్పత్రికి ఎవరిని తీసుకెళ్ళాలన్నా ఆ బండే దిక్కు. అది నీలిపొగ వదులుతూ ఆయిల్ తాగేస్తోంది. పక్కనుండి నేర్చుకున్నది రాస్తున్నాను.

పాత బుల్లెట్ 350 సిలిండర్ వ్యాసం 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ. పిస్టన్ రాపిడికి సిలిండర్ అరుగుతుంది, కానీ అంతటా ఒకేలా అరగదు. పై రింగు తిరిగే చోట ఎక్కువ. అందుచేత పైన, మధ్యన, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలవాలి.

మాకు ఎక్కువ అరిగినచోట 70.30 వచ్చింది. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. పెద్దవి ఉంటాయి. 0.25 కి అరుగుదల పోదు. కావున 0.50 సరైనది.

మెకానిక్ అన్న "ఒకేసారి 1.00 వేసేద్దాం, పికప్ పెరుగుద్ది" అన్నాడు. లెక్క చేయండి:
22/7 × 3.5 × 3.5 × 9 = 346.5 సి.సి.
వ్యాసం 71 అయితే 356.5 సి.సి.
పెరిగేది 10 సి.సి. మాత్రమే! పోయేదేమో ముందుముందు చేయించుకోగల రెండు బోరింగులు. ఆ పైన స్లీవ్ వేయించాలి, డబ్బులెక్కడివి? మావయ్య 0.50 కే ఒప్పుకున్నాడు.

గమనిక: ముందు పిస్టన్ కొని, దాన్ని కొలిచాకే బోరింగుకు ఇవ్వాలి. సందు తక్కువైతే వేడికి పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే టకటక కొడుతుంది. కొత్త రింగులు కుదురుకునేదాకా బండి మెల్లగా నడపాలి.

చెక్కేసిన ఇనుము తిరిగి రాదు. కొలిచాకే చెక్కాలి.