మన బ్రతుకు ఎవరికి ఉపయోగపడింది?

పిల్లలు స్థిరపడ్డారు. ఇల్లు కట్టుకున్నాం. కొందరం హజ్ కూడా చేసి వచ్చాం. అయినా నిద్రపట్టని రాత్రి ఒక ప్రశ్న మనల్ని కుదిపేస్తుంది: "ఇంతకీ నేను దేనికోసం బ్రతుకుతున్నాను?" దీనికి సమాధానం వెతుక్కునే ముందు దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలోని ఒక ఘట్టాన్ని గుర్తు చేసుకుందాం.

హిరా గుహలో తొలి దైవవాణి అందుకున్నాక ప్రవక్త (స) వణుకుతూ ఇంటికి వచ్చారు. దుప్పటి కప్పమన్నారు. తనకేమవుతుందోనన్న భయాన్ని హజ్రత్ ఖదీజా (ర)తో చెప్పుకున్నారు. అల్లాహ్ ఆయన్ని ఎన్నటికీ అవమానం పాలు చేయడని ఆమె ధైర్యం చెప్పారు. ఏ ఆధారంతో? రంజాన్ ఉపవాసాలు, జకాత్ నియమాలు అప్పటికింకా రాలేదు. ఆమె ఆయన వంశగౌరవాన్నీ ఎత్తలేదు, వ్యాపార లాభాలనూ లెక్కించలేదు. బంధుత్వాలు నిలుపుతారనీ, బలహీనుల భారం మోస్తారనీ, లేనివారిని ఆదుకుంటారనీ, అతిథులను ఆదరిస్తారనీ గుర్తుచేశారు. సహీహ్ బుఖారీలోని ఈ ఉల్లేఖనం మనకిచ్చే పాఠం ఒక్కటే. ఒక మనిషి విలువేమిటో అతని వల్ల ఊరట పొందినవారిని చూస్తే తెలుస్తుంది.

మన కాలంలో అబ్దుల్ సత్తార్ ఈధీ జీవితమూ ఇదే చెబుతుంది. ఆయన 1928లో గుజరాత్‌లోని బాంట్వాలో పుట్టారు. చిన్నప్పుడు తల్లి రోజూ రెండు పైసలిచ్చి, ఒకటి నీకు, రెండోది అవసరంలో ఉన్నవారికి అనేదట. ఆ తల్లే పక్షవాతంతో మంచాన పడితే సేవలన్నీ ఆయనే చేశారు. 1947లో కరాచీకి చేరి, 1951లో ఒక చిన్న ఉచిత డిస్పెన్సరీ తెరిచారు. 2016లో కన్నుమూసేనాటికి అది అంబులెన్సులు, అనాథాశ్రమాలతో పెద్ద సేవాసంస్థ అయింది. ఆయన తన జీవిత లక్ష్యాన్ని ఎక్కడో వెతుక్కోలేదు. అది తల్లి మంచం పక్కనే దొరికింది.

ఇక మా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక రంజాన్‌లో రేషన్ సంచులు పంచుతూ ఫోటోలు తీయించాం. దాతలకు లెక్క చూపాలన్నదే మా ఉద్దేశం. ఒక తల్లి దుపట్టాతో ముఖం కప్పుకుని, సంచి అక్కడే వదిలి వెళ్ళిపోయింది. సాయంత్రం మాలో ఇద్దరు ఆ సంచి పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళారు. ఆమె కొడుకు పదో తరగతి. ఆ ఫోటో తోటి పిల్లల ఫోన్లలోకి వెళ్తుందని ఆమె భయం. మనసు నొప్పించే దానం వృథా అవుతుందని దివ్య ఖుర్ఆన్ హెచ్చరిస్తున్నా, ఆ రోజు మాకది గుర్తు రాలేదు. నాటి నుంచి ఫోటోలు మానేశాం. ఇప్పుడు రసీదులే లెక్క.

ఆ ఇద్దరిలో ఒకరు రిటైరైన లెక్కల మాస్టారు. భార్య పోయాక ఆయన మస్జిద్‌కు తప్ప ఎక్కడికీ వెళ్ళేవారు కాదు. ఆ రోజు మేమే బలవంతాన తీసుకొచ్చాం. ఇప్పుడు మగ్రిబ్ తర్వాత ఆ కుర్రవాడితో పాటు మరికొందరికి లెక్కలు చెబుతున్నారు. "సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూస్తున్నాను" అన్నారు మొన్న. మేమిచ్చింది ఒక సంచి. ఆయనకు దొరికింది రోజంతా ఎదురుచూసే ఒక పని.

ప్రియమైన దాతలారా! నిసాబ్‌కు చేరిన సొమ్ము ఒక చాంద్రమాన సంవత్సరం మన దగ్గరుంటే 2.5 శాతం, అంటే లక్షకు 2,500 రూపాయలు జకాత్. అది మన దయ కాదు, పేదల హక్కు. జకాత్‌కు అర్హులైన 8 వర్గాలను సూరా తౌబా పేర్కొంది. అందులో అప్పుల్లో కూరుకున్నవారూ, దారిలో చిక్కుకున్న బాటసారులూ ఉన్నారు. చేయి చాచని ఇలాంటివారు మన బంధువుల్లో, మన వీధిలోనే ఉండవచ్చు. ముందు వారిని గుర్తిద్దాం.

జకాత్‌కు లెక్క ఉంది, సదఖాకు హద్దు లేదు. చిరునవ్వూ, దారిలోని ముల్లు తీయడమూ సదఖాయేనని ప్రవక్త (స) బోధించారు. అందుకే ఈ ఏడాది చెక్కుతో పాటు వారానికి ఒక గంట కూడా ఇద్దాం. ఆసుపత్రిలో ఒక రోగి పక్కన కూర్చుందాం. ఒక విద్యార్థికి స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపిపెడదాం. రాత్రి మనల్ని కుదిపే ప్రశ్నకు సమాధానం ఆ గంటలోనే దొరకవచ్చు.

అల్లాహ్ మన సంకల్పాలను శుద్ధి చేసి, మన సేవను స్వీకరించుగాక! ఆమీన్.