పదే పదే స్తంభించే నాస్ విషయమై మేనల్లునికి లేఖ

చిరంజీవి మేనల్లునికి ఆశీస్సులు.

ఇంటిల్లిపాది ఫోటోలు, వీడియోలు, స్కాన్ చేసిన పట్టాదారు పాసు పుస్తకాలు, చదువుల సర్టిఫికెట్లు ఒక్కచోట దాచి, ఫోన్‌లోనైనా ల్యాప్‌టాప్‌లోనైనా తెరుచుకునేలా రూటర్‌కు కలిపి ఉంచే చిన్న పెట్టెను నాస్ అంటారు; లోపల రెండు మూడు హార్డ్ డిస్కులు, ఒక ప్రాసెసర్, కొంత మెమరీ ఉన్న అది కూడా కంప్యూటరే గనుక, కంప్యూటర్‌కు వచ్చే రోగాలన్నీ దానికీ వస్తాయి. అటువంటి పెట్టె తరచుగా హ్యాంగ్ అవుతున్నప్పుడు స్విచ్ కట్టేసి మళ్లీ వేయాలన్న ఆలోచనే ఎవరికైనా ముందు కలుగుతుంది. చిరంజీవి మొదట మానుకోవలసినది ఆ పనే. డిస్కు మీద వ్రాత సగంలో ఉండగా కరెంటు తీసివేస్తే ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైలు డిస్కులో ఏ చోట ఉందో తెలిపే పట్టిక, దెబ్బతినవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, ఆగిపోయే ముందు క్షణాల సందేశాలు చాలాసార్లు మెమరీలోనే మిగిలి, డిస్కు మీది లాగ్‌లోకి, అంటే జరిగినదంతా వరుసగా నమోదయ్యే ఫైలులోకి, చేరకముందే చెరిగిపోతాయి. రీస్టార్ట్‌తో పెట్టె లేచి కూర్చోవచ్చు గాని, ఎందుకు పడిపోయిందో చెప్పే సాక్ష్యం మాత్రం పోతుంది.

స్తంభించినట్లు కనిపించే పెట్టె నిజానికి మూడు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది, ఆ మూడింటికీ మందులు వేరు. ఇంట్లోని మరో కంప్యూటర్ నుంచి పింగ్ ఆదేశంతో, అంటే ఒక చిన్న పలకరింపును పంపి జవాబు వస్తున్నదో లేదో చూసే ఆదేశంతో, దీనిని చాలావరకు తేల్చవచ్చు. పింగ్‌కు జవాబు వస్తూనే ఫోల్డర్లు తెరుచుకోకపోతే, లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ బతికే ఉండి డిస్కు కోసమో మెమరీ కోసమో ఎదురుచూస్తున్నదని భావించాలి. పింగ్‌కు జవాబు లేకపోయినా డిస్కుల దీపాలు ఎప్పటిలాగే మిణుకుమంటూ, చెవి దగ్గర పెడితే డిస్కుల కదలిక వినిపిస్తూ ఉంటే, పెట్టె బాగానే పనిచేస్తున్నదనీ నెట్‌వర్క్ మాత్రమే తెగిపోయిందనీ అనుకోవచ్చు. దీపాలు వెలిగినవి వెలిగినట్లే నిలిచిపోయి, మీట నొక్కినా స్పందన లేకపోతే మాత్రం అనుమానం కరెంటు సరఫరా మీదికి, మెమరీ మీదికి, మదర్‌బోర్డు మీదికి మళ్లాలి.

వీటిలో నెట్‌వర్క్ లోపం అన్నింటికన్నా తేలిక. కరెంటు పోయి వచ్చినప్పుడు రూటర్ చిరునామాలను కొత్తగా పంచడంతో, నాస్‌కు ఉన్న ఐపీ చిరునామాయే మరో ఫోన్‌కో టీవీకో దక్కి రెండూ ఒకదానికొకటి అడ్డుపడవచ్చు. రూటర్ సెట్టింగుల్లో నాస్ పేరిట ఒక చిరునామాను శాశ్వతంగా కేటాయించి, కేబుల్‌నూ పోర్టునూ మార్చి చూస్తే అక్కడి పని ముగుస్తుంది.

ఏ స్థితో తేల్చుకున్నాక రీస్టార్ట్ చేయక తప్పకపోతే, పెట్టె మళ్లీ లేచిన వెంటనే, ఏ పరీక్షా మొదలుపెట్టకముందే, అందులోని విలువైనదంతా ఒక యూఎస్‌బీ డిస్కుకు నకలు తీయడం తప్పనిసరి. పాడుబడుతున్న డిస్కు మీద గంటల తరబడి సాగే పరీక్షలు నడిపితే, దానిలో మిగిలిన ఆయువు పరీక్షలకే ఖర్చయిపోవచ్చు గనుక ఈ వరుస తలకిందులు కాకూడదు. పెట్టెలోని రెండు డిస్కుల్లోనూ ఒకే సమాచారం దాచే ఏర్పాటు ఉన్నది కదా అన్న ధీమా ఇక్కడ చాలదు. రెయిడ్ అనే ఆ ఏర్పాటును 1988లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ ఒక పరిశోధన పత్రంలో వివరించారు; చవకైన డిస్కులను అనేకం కలిపి వాడినప్పుడు ఒకటి పోయినా పని ఆగకుండా చూడడమే దాని ఉద్దేశం, అంతేగాని పొరపాటున తుడిచివేసిన ఫైలును తిరిగి ఇవ్వడం కాదు. ఒక డిస్కులో చెరిపినది రెండో డిస్కులోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. 2021లో క్యూలాకర్, 2022లో డెడ్‌బోల్ట్ అనే దుష్ట ప్రోగ్రాములు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన నాస్‌లలోకి చొరబడి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగినప్పుడు, రెయిడ్ ఎవరినీ కాపాడలేదు. ఏ పనీ చెప్పకపోయినా ప్రాసెసర్ గంటల తరబడి పూర్తి భారంతో నడుస్తూ పెట్టె మందగిస్తే ఈ కోణాన్ని కూడా చూడాలి. అప్పుడు మొదట ఇంటర్నెట్ కేబుల్‌ను తీసివేయాలి.

నకలు చేతికి వచ్చిన తరువాత, స్తంభించిన ప్రతిసారీ తేదీని, గంటను, ఆ సమయానికి పెట్టె చేస్తున్న పనిని ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. కొన్ని లోపాలు తమ వేళను తామే చెబుతాయి. ఉదాహరణకు, డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద సాఫ్ట్‌వేర్ రెయిడ్ నడిపేవారి పెట్టెల్లో ప్రతి నెలా మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక రెండు డిస్కులనూ అణువణువూ పోల్చి చూసే తనిఖీ దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఎంతో కాలంగా ఉన్నది. నెలకొకసారి, అదీ ఆదివారమే, పెట్టె మందగిస్తే అది రోగం కాకపోవచ్చు. వందల ఫోటోలు ఎక్కించిన రాత్రి స్తంభిస్తే, వాటికి చిన్న బొమ్మలు తయారుచేసే ఇండెక్సింగ్ పనికి మెమరీ చాలక, పెట్టె డిస్కునే మెమరీగా వాడుకుంటూ నత్తనడక నడుస్తున్నదేమో చూడాలి. అవసరం లేని యాప్‌లను తీసివేయడమే అందుకు మందు.

ఎక్కువ సందర్భాల్లో దోషం తేలేది డిస్కులోనే. ప్రతి హార్డ్ డిస్కూ స్మార్ట్ అనే పద్ధతిలో తన ఆరోగ్య వివరాలను తానే నమోదు చేసుకుంటుంది, నాస్ సెట్టింగుల పేజీలో ఆ పట్టిక కనిపిస్తుంది. అందులో 5వ అంశం పాడైనందున వేరే చోటికి మార్చిన సెక్టార్ల, అంటే డిస్కులోని చిన్న చిన్న గదుల, సంఖ్యను, 197వది చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం వేచి ఉన్న సెక్టార్లను, 198వది ఎంత ప్రయత్నించినా చదవలేకపోయినవాటిని చెబుతాయి. 199వ అంశం పెరుగుతుంటే తప్పు డిస్కుది కాక, దానిని కలిపే కేబుల్‌దో కనెక్టర్‌దో కావడానికే అవకాశం ఎక్కువ. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ప్రచురించిన అధ్యయనంలో, తన ఉపరితలాన్ని తానే పరిశీలించుకునేటప్పుడు మొదటి స్కాన్ లోపం కనిపించిన డిస్కు ఆ తరువాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం, అటువంటి లోపం కనిపించని డిస్కుతో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే అధ్యయనంలో, పాడైన డిస్కుల్లో సగానికి పైగా ప్రధానమైన నాలుగు స్మార్ట్ సంకేతాల్లో ఏ ఒక్కటీ చూపకుండానే పోయాయి. అందుచేత పట్టికలో చెడు కనిపిస్తే నమ్మాలి, మంచి కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు.

డిస్కు కొద్దిగా పాడైతే పెట్టె మొత్తం ఎందుకు ఆగిపోవాలన్నది చిరంజీవికి తట్టవలసిన ప్రశ్న. మామూలు కంప్యూటర్ల కోసం చేసిన డిస్కు, ఒక సెక్టార్ చదవలేకపోయినప్పుడు పట్టు విడవకుండా నిమిషం, రెండు నిమిషాలు కూడా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. చాలా నాస్‌ల లోపల నడిచే లినక్స్ సాధారణంగా 30 సెకన్లు మాత్రమే ఓపిక పట్టి, ఆపైన ఆ డిస్కు లింకును రీసెట్ చేస్తుంది. ఈలోగా ఆ డిస్కును అడిగిన ప్రతి ప్రోగ్రామూ నిలిచిపోతుంది, చూసేవారికి పెట్టె చచ్చినట్లే ఉంటుంది. నాస్ కోసం ప్రత్యేకించి చేసిన డిస్కులు దాదాపు 7 సెకన్లలోనే ప్రయత్నం విరమించి లోపాన్ని ఒప్పుకుంటాయి, అప్పుడు రెయిడ్ రెండో డిస్కు నుంచి ఆ సమాచారం తెచ్చుకుని పని సాగిస్తుంది. డిస్కు కొనేటప్పుడు ధరలోని కొద్దిపాటి తేడాకు వెనుకాడకపోవడం ఇందుకే మేలు. ఇంకొక సంగతి కూడా విచారించి కొనాలి. ఎస్‌ఎంఆర్ అనే పద్ధతిలో అయస్కాంత జాడలను పెంకుటింటి కప్పులోని పెంకుల్లా ఒకదాని అంచు మీదికి మరొకటి వచ్చేలా పరుస్తారు. చోటు కలిసివస్తుంది గాని, ఒక జాడను మార్చాలంటే పక్కవాటినీ తిరగరాయవలసి రావడంతో, ఎడతెగని వ్రాత పడినప్పుడు డిస్కు చాలాసేపు బదులివ్వదు. నాస్ కోసమని తాను అమ్మిన రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టెరాబైట్ల కొన్ని నమూనాలు ఈ పద్ధతివేనని 2020లో వెస్టర్న్ డిజిటల్ సంస్థే వెల్లడించింది. డిస్కు నమూనా సంఖ్యను చూసి ఈ విషయం నిర్ధారించుకోవచ్చు.

డిస్కులు నిర్దోషులని తేలితే, తరువాతి అనుమానం అడాప్టర్ మీద పెట్టాలి, దీనిని చాలామంది చివరి దాకా తలచుకోరు. పెద్ద సైజు హార్డ్ డిస్కు ఒకటి నిద్ర నుంచి లేచి తిరగడం మొదలుపెట్టే కొన్ని సెకన్లలో 12 వోల్టుల తీగ మీద దాదాపు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, తిరగడం స్థిరపడ్డాక అందులో చిన్న వంతు చాలు. పాతబడిన అడాప్టర్ మామూలు వేళ బాగానే కనిపించి, రెండు డిస్కులూ ఒకేసారి లేచే క్షణంలో వోల్టేజీ నిలబెట్టలేక కుంగిపోతుంది. చాలాసేపు వాడకుండా ఉంచి, ఫోల్డర్ తెరవబోయిన వెంటనే స్తంభించడం ఈ లోపానికి గుర్తు. అడాప్టర్‌లోని కెపాసిటర్లు, అంటే విద్యుత్తును కొంత నిలువ ఉంచి ఒడిదుడుకులను సర్దే భాగాలు, వేడికి త్వరగా ముసలివవుతాయి. 10 డిగ్రీలు పెరిగినకొద్దీ వాటి ఆయువు సగమవుతుందని ఇంజనీర్ల స్థూల లెక్క. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో, తలుపులు మూసిన టీవీ అలమరలో రూటర్ పక్కన ఇరికించిన పెట్టెకు ఎంత వేడి తగులుతుందో ఊహించుకోవచ్చు. అదే వోల్టేజీ, అంతకు తగ్గని ఆంపియర్లు, అదే ధ్రువత గల మరో అడాప్టర్ పెట్టి చూడడం, ఫ్యాను దుమ్ము దులపడం, ఒక యూపీఎస్ జోడించడం పెద్ద ఖర్చు కాని పనులు.

తరువాత మిగిలేవి మెమరీ, మదర్‌బోర్డు. అదనంగా వేసిన మెమరీ ఉంటే దానిని తీసి కొన్నాళ్లు నడపాలి; ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, లేకుంటే ఏ మార్పు పనిచేసిందో తెలియదు. బోర్డు దోషాల్లో ఇంటెల్ ఆటమ్ సి2000 శ్రేణి ప్రాసెసర్లది అందరికీ తెలిసిన ఉదంతం: వాటిలో గడియార సంకేతాలను ఇచ్చే భాగం కాలక్రమంలో క్షీణిస్తుందన్న సంగతి 2017లో బయటపడింది, ఆ ప్రాసెసర్లున్న నాస్‌లు కొన్ని ఒకసారి ఆగితే మరి లేవలేదు. ఆ తరం పెట్టె ఇంట్లో ఉంటే దానిని ఆపివేయకముందే నకలు సిద్ధంగా ఉండి తీరాలి.

పెట్టె పూర్తిగా పోయినా డిస్కులు బాగుంటే సమాచారం సాధారణంగా దక్కుతుంది. ఇంట్లో వాడే నాస్‌లలో చాలావాటిలో రెయిడ్ లినక్స్‌ది కాబట్టి, డిస్కులను ఏ గూటిలోనిది ఏదో చీటీ అంటించి బయటికి తీసి, లినక్స్ ఉన్న కంప్యూటర్‌కు కలిపితే ఆ జోడీని గుర్తుపట్టే అవకాశం ఎక్కువ; ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే మాత్రం దాని తాళపుచెవి ఫైలో పాస్‌వర్డో చేతిలో ఉండాలి. తెరిచేటప్పుడు చదవడానికి మాత్రమే అనుమతించే పద్ధతిలో తెరవాలి, ఫార్మాట్ చేయమంటారా అని తెర మీద ప్రశ్న వస్తే ఎన్నిసార్లు వచ్చినా వద్దనే చెప్పాలి, నకలు పూర్తయ్యే దాకా మరమ్మతు ఆదేశం ఏదీ ఇవ్వకూడదు.

ఇట్లు,
ఆశీస్సులతో,
మేనమామ