నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో ముందే అడగండి

ప్రశ్న: మే నెలలో కర్ణాటకలోని కబిని వెళ్దామనుకుంటున్నాం. మా అత్తయ్యకు 70 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. బాబుకు ఐదేళ్లు. ప్రతి లాడ్జీ ‘అడవిలో, నది ఒడ్డున’ అనే చెబుతోంది. ఎలా ఎంచుకోవాలి?
- ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, అక్కడ మీకు కనిపించేది కబిని జలాశయం. ఎండాకాలంలో నీరు బాగా వెనక్కి పోతుంది. ఫొటోలో మెట్లను తాకే నీళ్లు మేలో దూరంగా గీతలా కనిపించవచ్చు. అలాగని నెల మార్చుకోకండి. నీరు తీసిన నేల మీద మొలిచే లేతగడ్డి కోసమే ఏనుగుల మందలు పిల్లలతో సహా దిగివస్తాయి. కిందటి మే నెలలో తీసిన ఫొటో పంపమని లాడ్జీ వాళ్లను అడగండి.

గది దొరికితే సఫారీ సీటు దొరికినట్టు కాదు. అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఆ తేదీల్లో సఫారీ నడుస్తుందా, ఐదేళ్ల పిల్లల్ని ఎక్కించుకుంటారా, మీ అందరికీ సీట్లు ఖాయమేనా? డబ్బు కట్టకముందే వీటికి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. జీపు కుదుపులు అత్తయ్యగారికి కష్టం. పడవ సఫారీ ఉంటే అదే మేలు, కానీ ఎక్కడానికి ఎన్ని మెట్లు దిగాలో కనుక్కోండి. భోజనశాలకు దగ్గరగా, మెట్లు లేని గది అడగండి. చీకటి పడ్డాక బాబును ఆవరణ దాటనివ్వకండి.

కబినికి దగ్గర్లోని పెద్ద ఆసుపత్రులు మైసూరులోనే ఉన్నాయి. అత్తయ్యగారికి గుండెజబ్బు, ఆయాసం వంటివి ఉంటే బుక్ చేసే ముందే మీ డాక్టరుకు చూపించండి. తిరిగొచ్చాక ఎవరికైనా జ్వరం వస్తే అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకు తప్పక చెప్పండి.