అడవి దారిలో బ్రేకు వేస్తే బస్సు ఎక్కడ ఆగుతుంది? లెక్క ఎలా చేయాలి?

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే బస్సు పాల్వంచ దాటి అడవి దారి పట్టిందనుకుందాం. వేగం గంటకు 72 కిలోమీటర్లు. మలుపు తిరగగానే 60 మీటర్ల దూరంలో రోడ్డుకు అడ్డంగా ఆవుల మంద! డ్రైవరు కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఒక సెకను పోతుంది. ఆ తర్వాత బస్సు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 4 మీటర్ల చొప్పున తగ్గుతుంది. మంద దగ్గరికి చేరకముందే ఆగుతుందా?

కావలసినవి

తెల్లకాగితం, పెన్సిలు, ఈ మూడు సూత్రాలు. త్వరణం మారకుండా ఉన్నప్పుడే ఇవి పనికొస్తాయి.

• తుదివేగం = తొలివేగం + త్వరణం × కాలం
• స్థానభ్రంశం = తొలివేగం × కాలం + ½ × త్వరణం × కాలం²
• తుదివేగం² − తొలివేగం² = 2 × త్వరణం × స్థానభ్రంశం

చేసే పద్ధతి

1. ముందు ఒక గీత గీసి, భద్రాచలం వైపు బాణం పెడదాం. అటువైపు ప్లస్. బ్రేకు వెనక్కి లాగుతుంది కాబట్టి త్వరణం −4. ఈ మైనస్‌ను ఇప్పుడే రాసుకోవాలి. తర్వాత చూద్దాంలే అనుకుంటే మరిచిపోతాం.

2. ప్రమాణాలు సరిచేద్దాం. గంటకు కిలోమీటర్లను 5/18తో గుణిస్తే సెకనుకు మీటర్లు వస్తాయి. 72 × 5/18 = 20.

3. ప్రయాణాన్ని రెండు ముక్కలు చేద్దాం. బ్రేకు పడకముందు సెకనులో వేగం మారలేదు, అంటే త్వరణం సున్నా. బస్సు వెళ్లింది 20 × 1 = 20 మీటర్లు. చాలామంది ఈ ముక్కనే వదిలేస్తారు.

4. ఇక రెండో ముక్క. తొలివేగం 20, ఆగింది కాబట్టి తుదివేగం 0, త్వరణం −4. కాలం ఇవ్వలేదు, అడగనూ లేదు. కాబట్టి కాలం లేని మూడో సూత్రమే మనకు కావాలి.

5. 0 − 400 = 2 × (−4) × స్థానభ్రంశం. అంటే 50 మీటర్లు.

6. రెండూ కలిపితే 70. మంద 60 మీటర్లలోనే ఉంది. ఆగదు!

ఇప్పుడు గంటకు 54 కిలోమీటర్లతో చేద్దాం. తొలివేగం 15. మొదటి ముక్క 15 మీటర్లు, రెండోది 225/8, అంటే దాదాపు 28. మొత్తం 43. మందకు 17 మీటర్ల ఇవతలే బస్సు ఆగిపోయింది. వేగం నాలుగో వంతు తగ్గితే బ్రేకు దూరం సగానికి దగ్గరగా పడిపోయింది. సూత్రంలో వేగానికి వర్గం ఉండటమే కారణం.

తరచూ జరిగే పొరపాట్లు

• దూరాన్నీ స్థానభ్రంశాన్నీ కలిపేయడం. ఖమ్మం నుంచి భద్రాచలానికి రోడ్డు మీద సుమారు 120 కిలోమీటర్లు. స్థానభ్రంశం అంటే తిన్నగా గీత గీసినంత, ఈశాన్య దిక్కుగా దాదాపు 90. సాయంత్రానికి తిరిగి ఖమ్మం చేరితే దూరం 240, స్థానభ్రంశం సున్నా.
• 72ని అలాగే సూత్రంలో వేయడం. జవాబు 648 మీటర్లు వస్తుంది. అంత పెద్ద అంకె కనబడితే రెండో మెట్టుకు వెనక్కి వెళ్దాం.
• రెండో సూత్రంలో ½ మరవడం.

ఇక మీ వంతు. పాల్వంచ స్టాండులో ఆగి ఉన్న బస్సు 1 మీ/సె² త్వరణంతో బయల్దేరింది. గంటకు 54 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎంతసేపు, ఎంత దూరం? 15 సెకన్లు, 112.5 మీటర్లు రావాలి.