మన రాతకు చదువరి కావాలి: తరగతి గదిలో బ్లాగు

పరీక్షలో మనం రాసే జవాబును ఎంతమంది చదువుతారు? ఒక్కరు. ఆ ఒక్కరూ ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి, మార్కు వేసి పక్కన పెడతారు. ఆ కాగితం మళ్లీ ఎవరి కంటా పడదు. పదో తరగతి దాకా వందల పేజీలు రాసిన విద్యార్థి, ఇంటర్వ్యూలో తన ఊరి గురించి పది వాక్యాలు చెప్పమంటే తడబడటానికి ఒక కారణం ఇక్కడే ఉంది. మార్కు కోసం రాయడం మనకు అలవాటైంది గానీ, మనిషి కోసం రాయడం అలవాటు కాలేదు.

ఈ హాస్టల్లో చదువుకుని, ఇప్పుడు బడుల్లో పాఠాలు చెబుతున్న మేము కొందరం కలిసి ఈ వ్యాసం రాస్తున్నాం. తరగతి గదిలో బ్లాగును చదువు పనిముట్టుగా ఎందుకు వాడుకోవాలో, ఎలా వాడుకోవాలో తమ్ముళ్లకూ పూర్వ విద్యార్థి మిత్రులకూ చెప్పడం మా ఉద్దేశం.

బ్లాగు అంటే ఏమిటి?

ఇంటర్నెట్‌లో మనం నడుపుకునే గోడ పత్రికే బ్లాగు. కొత్తగా రాసింది పైన, పాతది కింద ఉంటుంది. రాసినదాన్ని టపా అంటారు. చదివినవారు దాని కింద రాసేది వ్యాఖ్య. 'వెబ్‌లాగ్' అనే మాట 1997లో పుట్టి, 1999లో 'బ్లాగ్'గా కురచయింది. యూనికోడ్ వచ్చాక మన లిపిలోనే రాసే వీలు కలిగింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే వీవెన్ తయారుచేసిన 'లేఖిని' సాయంతో ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాస్తూ ఎందరో బ్లాగులు తెరిచారు.

తర్వాత ఫేస్‌బుక్, వాట్సాప్ వచ్చి ఆ సందడి తగ్గింది. అయినా చదువుకు బ్లాగే మేలని మా అభిప్రాయం. వాట్సాప్‌లో పెట్టింది రేపటికి మరుగున పడుతుంది. బ్లాగులో రాసింది తేదీతో సహా నిలుస్తుంది. జూన్‌లో రాసిన టపానూ, మార్చిలో రాసిన టపానూ పక్కపక్కన పెట్టుకుని విద్యార్థి తన ఎదుగుదలను తానే చూసుకోవచ్చు.

ఆలోచన పాతదే

ఫ్రాన్సులో సెలెస్టిన్ ఫ్రెనే అనే పల్లెటూరి ఉపాధ్యాయుడు 1924లో తన తరగతి గదిలోకి ఒక చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు తమ ఇంటి సంగతులు, ఊరి పనులు రాసి, అక్షరాలు పేర్చి, తామే అచ్చువేసి దూరంగా ఉన్న మరో బడి పిల్లలకు పంపేవారు. అక్కడి పిల్లలు తమవి పంపేవారు. ఎవరో చదువుతారని తెలిశాక పిల్లలు అక్షర దోషాలను తామే వెతుక్కోవడం మొదలవుతుంది. బ్లాగు చేసేదీ ఇదే.

అంత దూరం పోనక్కరలేదు. ఒకప్పటి మన వరంగల్ జిల్లాలోని ఇనుగుర్తి గ్రామం నుంచి ఒద్దిరాజు సోదరులు 1922లో 'తెనుగు' పత్రిక నడిపారు. తెలంగాణలో కవులు లేరన్న మాట వినబడినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి, 354 మంది కవులను చూపించారు. మన గురించి మనం రాసి నలుగురి ముందు పెట్టకపోతే, ఉన్నది కూడా లేనట్టే లెక్క అవుతుంది.

ఒక పాఠం, ఒక టపా

సాంఘిక శాస్త్రంలో కాకతీయుల పాఠం తీసుకుందాం. పాకాల, రామప్ప చెరువులు గణపతిదేవుని కాలం నాటివని పుస్తకంలో చదువుతాం. పరీక్షకు అది చాలు. బ్లాగు కోసమైతే పని ఇలా ఉంటుంది: సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి చెరువు గురించి పెద్దవాళ్లను అడగండి. తూములు ఎన్ని? మత్తడి ఏ దిక్కున ఉంది? నీళ్లు ముందు ఎవరి పొలానికి వదిలేవారు? నీరటి పని ఎవరు చేసేవారు? వారికి ఏమి ముట్టేది?

ములుగు వైపు విద్యార్థి ఇది రాస్తే, నర్సంపేట వైపు విద్యార్థి చదివి, "మా ఊళ్లో రెండు తూములు, మీకు ఒకటే ఎందుకు?" అని వ్యాఖ్య రాయవచ్చు. జవాబు చెప్పాలంటే మొదటి విద్యార్థి ఆయకట్టు ఎంతో తెలుసుకోవాలి. అక్కడ లెక్కలు వచ్చాయి, భూగోళం వచ్చింది, తెలుగు వచ్చింది. మడిమడికీ నీళ్లు పారించిన నీరటివాళ్ల పేర్లు పాఠ్యపుస్తకంలో ఉండవు. అలాంటి ఇళ్ల పిల్లలు మన హాస్టళ్లలోనే ఉన్నారు. వారి ఇంట్లో ఉన్న జ్ఞానం బడిలో పాఠం కావడానికి ఇది దారి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. అడిగితే కాకతీయుల మీద వ్యాసం క్షణంలో రాసిస్తుంది. కానీ మీ నానమ్మను అది అడగలేదు.

ఎలా మొదలుపెట్టాలి?

1. తరగతి మొత్తానికి ఒకే బ్లాగు. ఖాతా, పాస్‌వర్డు ఉపాధ్యాయుని దగ్గరే ఉండాలి.

2. వారానికి ఒక ప్రశ్న చాలు. ముందు నోటుబుక్కులో రాయాలి. పక్క విద్యార్థి చదివి రెండు సందేహాలు అడగాలి. ఆ తర్వాత తిరగరాయాలి.

3. కంప్యూటర్ ఒక్కటే ఉంటే వంతులు వేసుకోవాలి. అదీ లేకపోతే గోడ పత్రికతో మొదలుపెట్టి, నెలకోసారి మంచివి ఏరి టైపు చేయాలి.

4. వ్యాఖ్యలు ఉపాధ్యాయుడు చూశాకే కనిపించేలా అమర్చుకోవాలి. వ్యాఖ్యలో ఒక మెచ్చుకోలు, ఒక ప్రశ్న ఉండాలి. వెక్కిరింపు ఉండరాదు.

5. ఇంటిపేరు, ఫోటో, ఫోన్ నంబరు, చిరునామా పెట్టరాదు. కలం పేరు చాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. కాబట్టి ముందే వారికి చెప్పి ఒప్పించాలి.

మా ఇంటి భాషలో రాస్తే నవ్వుతారేమోనని కొందరు తమ్ముళ్లు జంకుతారు. మన హనుమకొండలో బతికిన కాళోజీ జీవితమంతా జనం మాట్లాడే భాష వైపే నిలబడ్డారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మొదట మీ మాటలో రాయండి. పరీక్ష భాష ఎక్కడ వేరుగా ఉంటుందో సారును అడిగి అదీ నేర్చుకోండి. రెండూ వచ్చినవాడికే బలం.

పూర్వ విద్యార్థులకు ఒక మాట

చాలా బ్లాగులు రెండు మూడు టపాలతో ఆగిపోతాయి. రాసేవారు లేక కాదు, చదివేవారు లేక. వార్షికోత్సవానికి మనం పెన్నులు, ప్యాడ్లు, దుప్పట్లు ఇస్తున్నాం. అవి కావలసినవే. వాటితోపాటు నెలకు ఒక్క టపా చదివి, రెండు వాక్యాల వ్యాఖ్య రాద్దాం. ఉద్యోగంలో ఉన్నవారు, వ్యవసాయం చేస్తున్నవారు, ఆటో నడుపుతున్నవారు ఎవరైనా రాయవచ్చు. "తమ్మీ, నీవు రాసింది చదివిన. ఇది నాకు తెల్వదు, ఇంకొంచెం చెప్పు" అంటే చాలు. ఏడో తరగతి విద్యార్థి ఆ మాట కోసం మళ్లీ కలం పడతాడు.