ధ్యానంలో ఏడుపు, కోపం, భయం వస్తే ఏం చేయాలి?

ప్రశాంతత కోసం ధ్యానానికి కూర్చుంటాం. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. ఒకనాడు ముక్కు దగ్గర గాలిని గమనిస్తుండగానే కారణం లేకుండా ఏడుపు తన్నుకొస్తుంది. లేదా ఎప్పుడో పెళ్లిలో ఎవరో అన్న మాటకు ఇప్పుడు ఒళ్లు మండుతుంది. కొందరికి గుండెదడ. ‘నాకిది పడదు’ అని చాప చుట్టేసేవాళ్లు కొందరు, పళ్లబిగువున కూర్చునేవాళ్లు మరికొందరు. మనకు రెండూ వద్దు.

ఇది కొత్త సంగతి కాదు. బౌద్ధులు ధ్యానానికి అడ్డుపడే ఐదు నీవరణాల్లో ద్వేషాన్ని, మనసు నిలవని ఆందోళనను ఎప్పుడో చేర్చారు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన జారెడ్ లిండాల్, విలోబీ బ్రిటన్ బృందం ధ్యానం చేసేవాళ్లను, గురువులను అడిగి తెలుసుకుని 2017లో ప్రచురించిన పరిశోధనలోనూ భయం, ఆందోళన, పాత గాయాలు గుర్తుకు రావడం ఉన్నాయి. కొందరికి అవి త్వరగానే తగ్గాయి, కొందరికి వైద్యం అవసరమైంది. అందుకే ఎంతవరకు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో ముందే తెలుసుకుందాం.

కావలసినవి

పాదాలు నేలకు పూర్తిగా ఆనే కుర్చీ. పద్మాసనం అక్కర్లేదు, ఎందుకో అయిదో మెట్టులో తెలుస్తుంది. వెలుతురున్న గది, ఫోన్‌లో 10 నిమిషాల టైమర్, గ్లాసుడు మంచినీళ్లు, ఒక నోటుపుస్తకం. వీటన్నిటికన్నా ముఖ్యం, అవసరమైతే వెంటనే ఫోన్ చేయగల ఒక మనిషి. అది ఎవరన్నది ఇప్పుడే అనుకుందాం. భయం పట్టుకున్నాక పేర్లు గుర్తుకు రావు.

పద్ధతి

1. కళ్లు మూసుకునే ముందు ఎదురుగా ఒక వస్తువును ఎంచుకుందాం. తలుపు గడియ చాలు. తర్వాత దాంతో పని ఉంది.

2. శ్వాసను గమనిద్దాం. ఏదైనా భావం లేస్తే దానికి ఒక్క మాటలో పేరు పెడదాం: ‘కోపం’, ‘దిగులు’, ‘భయం’. ఒక్క మాటే. ‘ఆ రోజు అందరి ముందూ నన్ను...’ అని మొదలైతే కథలోకి జారిపోయినట్టే. గమనించగానే మళ్లీ ఆ ఒక్క మాటకే వద్దాం.

3. అది ఒంట్లో ఎక్కడుందో చూద్దాం. గొంతులో ఉండలా ఉందా, ఛాతీ బిగిసిందా, కడుపులో తిప్పుతోందా? రెండు మూడు శ్వాసల సేపు అక్కడే ఉందాం. ఏడుపొస్తే రానిద్దాం, తుడుచుకుందాం. అదేమీ అపచారం కాదు.

4. ఇప్పుడు ఆ భావం ఎంత తీవ్రంగా ఉందో పదికి మార్కులు వేద్దాం. అయిదు లోపైతే కూర్చోవచ్చు. అయిదూ ఏడూ మధ్య ఉంటే కాసేపు ఛాతీ మీద, కాసేపు అరికాళ్ల మీద ధ్యాస మారుద్దాం. ఏడు దాటితే లెక్కలు మానేసి కింది మెట్టుకు.

5. కళ్లు తెరుద్దాం. పాలు పొంగుతుంటే ముందు మంట తగ్గిస్తాం, ఎందుకు పొంగాయని ఆలోచించం. పాదాలను నేలకు గట్టిగా నొక్కుదాం. చూపు తలుపు గడియ మీద పెట్టి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెబుదాం: ఫ్యాను, క్యాలెండరు, చెప్పులు... ఇక్కడో హెచ్చరిక. దడగా ఉన్నప్పుడు శ్వాసనే పట్టి చూస్తే కొందరికి దడ పెరుగుతుంది. గబగబా పెద్ద శ్వాసలు తీస్తే తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. చేతనైతే గాలి వదలడాన్ని మాత్రం నెమ్మదిగా సాగదీద్దాం.

6. లేచి మొహం కడుక్కుని, నీళ్లు తాగి, చేతులకు పని చెబుదాం. గిన్నెలు తోమినా సరే. కూర్చోవలసిన సమయం మిగిలిపోయిందన్న బెంగ వద్దు.

7. స్థిమితపడ్డాక నోటుపుస్తకంలో రెండే వాక్యాలు: ఏం వచ్చింది, ఎలా తగ్గింది. మర్నాడు 5 నిమిషాలే కూర్చుందాం.

పొరపాట్లు

ఎక్కువగా కనిపించేది, ఇంట్లో శిబిరం నడపబోవడం. విపశ్యన గురువు గోయెంకా సంప్రదాయంలోని 10 రోజుల శిబిరంలో మొదట ఆనాపాన, అంటే శ్వాసను గమనించడం నేర్పి, నాలుగో రోజున విపశ్యన, అంటే ఒంట్లోని అనుభూతులను గమనించడం మొదలుపెడతారు. ఆ తర్వాతే గంటసేపు కదలకుండా కూర్చునే అధిష్ఠానం. సందేహం వస్తే అడగడానికి అక్కడ ఆచార్యులు ఉంటారు. ఇంట్లో ఒంటరిగా భయంతో వణుకుతూ అధిష్ఠానం చేయడం పట్టుదల కాదు, మొండితనం. శిబిరం దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి అడిగేది కూడా మన మంచికే. దాచవద్దు.

‘సంస్కారాలు (మనసులో పేరుకున్న పాత ముద్రలు) కరుగుతున్నాయి, భరించు’ అనే సలహాను కూడా నేను ప్రతిదానికీ ఒప్పుకోను. కళ్లలో నీళ్లు తిరిగితే ఆ మాట సరిపోతుందేమో కానీ, మూడు రాత్రులు నిద్ర లేకపోతే సరిపోదు.

నిన్న ఏడుపొచ్చింది, ఇవాళ రాలేదేమని వెతుక్కునేవాళ్లూ ఉంటారు. రాకపోతే మంచిదే. ధ్యానం కుదిరింది కదా అని డాక్టర్ రాసిన మందులు సొంతంగా మానేయడం మాత్రం అన్నిటికన్నా ప్రమాదం.

ఎప్పుడు ఆపేయాలి?

వరుసగా నిద్ర పట్టకపోయినా, చుట్టూ ఉన్నదేదీ నిజం కాదనిపిస్తున్నా, లేని మాటలు వినిపిస్తున్నా ధ్యానం వెంటనే ఆపేసి మానసిక వైద్యుడిని కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మనం ముందే అనుకున్న మనిషికి అప్పటికప్పుడే ఫోన్ చేయాలి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. నోటుపుస్తకం మొదటి పేజీలో ఇప్పుడే రాసి పెట్టుకోండి.